అమ్మకుండా ఆపిన ఇల్లు

ఇళ్ల బ్రోకరు పనిలోకి కొత్తగా దిగిన మా హిందూపురం కుర్రాళ్లు చాలా రోజులుగా నా వెంట పడుతున్నారు, నాలుగు మాటలు రాసిపెట్టమని. "నువ్వు చెప్తాంటే నవ్వొస్తాది మామా, రాస్తే ఏమొస్తాదో చూద్దాం" అన్నాడొకడు. నిద్రొస్తుందని నా అనుమానం. ఏడో తరగతిలో నేను బడి వదిలేశానని నేనంటాను. బడే నన్ను వదిలించుకుందని మా అయ్యవారు అనేవారు. ఆయన మాటే నమ్మి చదవండి, తప్పులు కనపడవు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ల మధ్య రైల్లోనూ బస్సులోనూ తిరుగుతూ నా జీవితం గడిచింది. ఎన్ని ఇళ్లు అమ్మించానో మీకు చెప్పను, నాకూ గుర్తు లేదు. అమ్మించకుండా ఆపిన ఇల్లు మాత్రం ఒక్కటే. దాని గురించి రాస్తాను. మిగతావన్నీ ఎవరైనా చేస్తారు.

నోరు, కిటికీ

బ్రోకరంటే అబద్ధాలకోరని లోకం అనుకుంటుంది. కాదు. అబద్ధాలు అమ్మేవాడు చెప్తాడు, కొనేవాడు చెప్తాడు. మనం మధ్యలో కూర్చుని ఇద్దరికీ తల ఊపుతాం, అంతే.

నాకు ఈ పని నేర్పింది హిందూపురంలో బెల్లం అంగడి పెట్టుకున్న ఒక శెట్టి. బెల్లం తూకం వేస్తూనే ఇళ్ల బేరాలు కుదిర్చేవాడు. నేను చేరిన కొత్తలో ఒకాయనకు ఇల్లు చూపించడానికి నన్ను ఒక్కడినే పంపాడు. నాకు ఉత్సాహం ఆగలేదు. "సార్, ఈ ఇంటికి గాలి శానా బాగా వస్తాది" అన్నాను. "యాడ్నుంచి వస్తాదప్పా?" అన్నాడాయన. గర్వంగా కిటికీ తెరిచాను. అవతల పక్కింటివాళ్ల ఎనుముల కొట్టం, పేడ కుప్పతో సహా. గాలి నిజంగానే బాగా వచ్చింది. ఆయన ముక్కు మూసుకుని వెళ్లిపోయాడు.

శెట్టి తిట్టలేదు. బెల్లం ముక్క చేతిలో పెట్టి, "రేయ్ ఆంజీ, నువ్వు నోరు తెరిస్తే కిటికీ కూడా తెరవాల్సొస్తాది. చూసేవోళ్లు చూడనీ. వాళ్లు యాడ నిలబడతారో అది చూడు నువ్వు" అన్నాడు.

ఇంతకంటే పెద్ద చదువు ఈ పనిలో లేదు. కొనేవాడు ఇంట్లో ఎక్కడ ఎక్కువసేపు నిలబడితే అదే అతను కొనే ఇల్లు. మిగతా గదులు ఊరికే వస్తాయి.

చౌడప్పన్న పడుకుని చూసిన ఇల్లు

శెట్టి దగ్గరినుంచి బయటికొచ్చి నా అంతట నేను కుదిర్చిన మొదటి ఇల్లు ధర్మవరంలో, చౌడప్పన్నది. ఆయన పట్టుచీరలు నేసే మనిషి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. వదిన నేరుగా వంటింట్లోకి పోయి కొళాయి తిప్పింది. ఈయన ముందు హాల్లోనే నిలబడిపోయాడు. వంటిల్లు చూడలేదు, వెనక దొడ్డి చూడలేదు. జేబులోంచి దారం తీసి ఈ గోడనుంచి ఆ గోడకు కొలిచాడు. తర్వాత తువ్వాలు పరిచి నేలమీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఏమైందన్నా, తల తిరగతాండాదా?" అన్నాను, భయపడి.

"గమ్మునుండప్పా. మిద్దె ఎత్తు చూస్తాండా."

మగ్గం మీద పువ్వులు తీసే జకార్డు పెట్టె ఎక్కాలంటే మిద్దె, అంటే పైకప్పు, ఎత్తుగా ఉండాలి. కింద కాళ్లు పెట్టుకుని తొక్కడానికి నేలలో గుంత తవ్వాలి. నిలువు దారాల పడుగు సాగడానికి హాలు పొడుగ్గా ఉండాలి. వెలుతురు పక్కనుంచి రావాలి. ఆయన కొన్నది ఇల్లు కాదు, మగ్గానికి చోటు. అందులో ఒక మూల తానూ భార్యా ఉండొచ్చు, మగ్గానికి అభ్యంతరం లేకపోతే.

ఆరోజునుంచి ధర్మవరం పోతే నా మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లోనే. నేను జోకులు వేసేవాణ్ని, ఆయన నేస్తూ వినేవాడు. నవ్వు వస్తే మగ్గం ఆపేవాడు కాబట్టి నేను కొంచెం తగ్గించి వేసేవాణ్ని. పని చెడగొట్టకూడదు కదా.

కూతురి ఫోను

నేను పని మానేసి ఇంట్లో కూర్చున్నాక, గిన్నెలు ఎక్కడ పెట్టాలో మా ఆవిడకు సలహాలు చెప్పడం మొదలుపెట్టాను. "నీకు ఇల్లు కావాలంటే బయట చూసుకో" అని ఆమె అంటున్న రోజుల్లో ఫోను వచ్చింది. చౌడప్పన్న కూతురు పార్వతి. పెనుకొండలో ఉంటుంది. ఆమె జాకెట్లు కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు.

"చిన్నాయనా, నాయన ఇల్లు అమ్మేయాల. నువ్వే చూడు. వేరే బ్రోకర్ల మాట నాకు నమ్మకం లేదు."

"నా మాట నమ్మే మనిషివి నువ్వొక్కదానివే మిగిలినావు. ఏమైందమ్మా?"

ఏమైందో నాకూ కొంత తెలుసు. వదిన పోయి చాలాకాలమైంది. ఆయన మోకాళ్లు పోయాయి, గుంతలోకి దిగలేడు. మగ్గం విప్పేసి అటక మీద పెట్టించాడు. నేత లేకపోతే రాబడి లేదు. వచ్చే పింఛను బియ్యానికే సరిపోయేది. మిద్దె మాత్రం పింఛనుతో ఆగేది కాదు. పోయిన వానలకు హాలంతా కారింది. మేస్త్రీ వచ్చి చూసి, ఇంకో వానాకాలం ఈ మిద్దె కింద పడుకోవద్దని చెప్పిపోయాడు. బాగు చేయించే స్తోమత ఆయనకు లేదు. పార్వతికీ లేదు. అప్పటికే ఆయన మందులకు తన కుట్టు కూలిలోంచి నెలనెలా పంపుతోంది.

"మాది రెండు గదులే. అయినా మిషన్ ఒక పక్కకు జరిపి నాయనకు మంచం వేస్తా. కొనేదానికి మనిషి కూడా ఉండాడు" అంది. చౌడప్పన్న ఇంటి పక్కనే పట్టుచీరల షాపున్న ఆయనకు సరుకు పెట్టుకోవడానికి చోటు కావాలి. మంచి ధరే ఇస్తానన్నాడు.

కూతురిది తప్పని మీరనుకుంటే ఈ పనికి మీరు పనికిరారు. తండ్రిని ఒప్పించలేక, వదిలేయలేక నలిగిపోతున్న మనిషి ఆమె.

గుంత విలువ

వెళ్లాను. చౌడప్పన్న హాల్లో మంచమ్మీద కూర్చుని ఉన్నాడు. వాకిట్లో మట్టి కుప్ప. మగ్గం గుంత పూడ్చి, పైన టైల్స్ వేస్తే ఇంటికి కళ వస్తుందని ఎవరో కుర్ర బ్రోకరు చెప్తే పార్వతి తోలించిందట.

"నన్ను పెనుకొండకు పొమ్మంటాండారు, ఆంజీ. ఆడ నాకేం పని?"

"టీవీ చూడన్నా."

"చూసినా. దాంట్లో ఎవురి చీర అంచూ సక్కగా లేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గుంత మీద కప్పిన పలకల వైపు చూస్తూ, "ఈడ్నే పోతే బాగుండు" అన్నాడు మెల్లగా. జోకు వేయడానికి నోరు తెరిచి మూసేశాను. అది నా జీవితంలో అరుదుగా జరుగుతుంది.

అప్పుడు నేనూ ఆ పలకలనే చూశాను. ధర్మవరంలో సొంతిల్లు లేని నేతగాళ్లు ఎంతమందో నాకు తెలుసు. వాళ్లకు బాడిగ ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇంకా బాగా తెలుసు. కొత్తగా కట్టే ఇళ్లకు మిద్దె పొట్టి, గది చిన్నది, కింద టైల్స్. గుంత తవ్వుతామంటే ఓనరు తరుముతాడు. తవ్వనిచ్చినా, టకటకమని శబ్దం మొదలయ్యాక తరుముతాడు. గుంతతో సహా బాడిగకిచ్చే ఇల్లు ఈ ఊళ్లో బంగారం. రోడ్డు మీద గుంత కనపడితే మున్సిపాలిటీని తిట్టే నేను, ఆ గుంతను చూసి మొక్కాను.

పార్వతికి ఫోను చేశాను. "హాలు మగ్గానికి బాడిగకిద్దాం. అడ్వాన్సుతో మిద్దె బాగు చేయిద్దాం. బాడిగతో నాయన బతుకుతాడు, వెనక గదిలో ఉంటాడు. నువ్వు పంపేది కూడా ఆపేయొచ్చు."

అవతల కుట్టు మిషన్ చప్పుడు ఆగింది. "వానలు పడేలోగా కుదరాల చిన్నాయనా. కుదరకపోతే అమ్మేసి నాయన్ను నేనే తెచ్చుకుంటా. మిద్దె మీద పడితే నేను బతకలేను" అంది.

దయ్యమైతే సర్దుకుంటారు

వారంలోగా ఒక కుర్ర జంట దిగింది. నేను చంకలు గుద్దుకుని హిందూపురం వచ్చేశాను. నెల తిరగకుండా ఆ పిల్లోడి ఫోను.

"అన్నా, మేము పోతాండాం. పెద్దాయన మంచం మగ్గం పక్కనే వేసుకుని కూర్చుంటాడు. పొద్దున్నుంచి ఇదొకటే: పోగు వదులుగా ఉండాది, అంచు లాగతాండాది, దారం నాడె అట్ల విసరకు. నేను మా నాయన తిట్లు పడలేకే వేరే వచ్చినా. మా నాయనే నయం."

రెండోవాడు కాస్త ఓపిక గలవాడు. అతని దగ్గర చౌడప్పన్న చేసిన పని వింటే మీరు నమ్మరు. మధ్యాహ్నం ఆ మనిషి అన్నానికి పోయాడు. మోకాళ్లు వంగని ఈ ముసలాయన ఎట్లా దిగాడో గుంతలోకి దిగి, అంచులో పువ్వు వంకర పోయిందని జానెడు నేత పేకపోగు పేకపోగుగా విప్పేశాడు. అతనొచ్చేసరికి చెమటలు కక్కుతూ, గుంతలోంచి పైకి రాలేక అందులోనే కూర్చుని ఉన్నాడు. "ఇప్పుడు సక్కగా నెయ్యి" అన్నాడట. ఆ మనిషి ముందు ఈయన్ను పైకి లాగాడు. తర్వాత మగ్గం విప్పాడు.

అడ్వాన్సు తిరిగిచ్చేశాం, మిద్దె పని అట్లాగే ఆగింది. వీధంతా తెలిసిపోయింది. ఒకామెను అడిగితే మొహం మీదే చెప్పింది: "ఆ ఇంట్లో దయ్యముందంటే సర్దుకుంటాం అన్నా. ఓనరున్నాడంట గదా!"

ఆయన్ను కూర్చోబెట్టి అడిగాను.

"ఏమన్నా, నీకు ఈ ఇంట్లో ఉండాలని ఉందా, లేదా?"

"తప్పు కనపడితే చెయ్యి ఆగదప్పా."

"అయితే పెనుకొండ పో. ఆడ మగ్గం ఉండదు, నేసేవోళ్లుండరు, నీకు తప్పే కనపడదు. సుఖంగా ఉంటాదిలే."

చాలా కటువుగా అన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సరేలే, ఇంకొకర్ని చూడు" అన్నాడు.

పిల్లలూ, ఒక మాట. ఇల్లు బాగా లేకపోతే రంగు వేయించొచ్చు. ఓనరు బాగా లేకపోతే రంగుతో పని కాదు. అతన్ని దాచిపెట్టి ఇల్లు చూపించాలనుకుంటారు అందరూ, నేనూ ముందు అదే అనుకున్నాను. అది తప్పు. ఓనర్నే ముందు చూపించాలి. భరించగలిగినవాళ్లు ఉంటారు, లేనివాళ్లు మొదటి రోజే పోతారు.

రమణమ్మ

అట్లా దొరికింది రమణమ్మ. నలభై దాటిన మనిషి. తనే నేస్తుంది, భర్త నారాయణ కూడా నేస్తాడు. వాళ్లుండే ఇంటి పైన మేడలో ఉన్న ఓనరుకు మగ్గం శబ్దంతో తలనొప్పి వస్తోందని ఖాళీ చేయమన్నారట. నేను ఏదీ దాచలేదు. పాతవాళ్లు ఎందుకు పోయారో, జానెడు నేత సంగతితో సహా చెప్పాను. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని గుంతలోకి దిగింది, కూర్చుంది, కాళ్లు చాపింది, పైకి చూసింది. తర్వాత మంచమ్మీదున్న చౌడప్పన్న వైపు తిరిగింది.

"పెద్దాయనా, ఒక మాట తేల్చు. నువ్వు నాకు జీతమిస్తావా, నా దగ్గర బాడిగ తీసుకుంటావా?"

"అదేందమ్మా, బాడిగే గదా!"

"జీతమిస్తే నువ్వు చెప్పినట్ల నేస్తా. బాడిగ తీసుకుంటే నా ఇష్టమొచ్చినట్ల నేస్తా. రెండూ కావాలంటే కుదరదు."

ఆయన నావైపు చూశాడు. నేను మిద్దె వైపు చూశాను, పెచ్చులు లెక్కపెడుతున్నట్టు. నారాయణ గోడకానుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఈ ప్రశ్న ఇంట్లో అతనికెన్నిసార్లు పడిందో పాపం.

"బాడిగే" అన్నాడు చివరికి చౌడప్పన్న. మంచం వెనక గదిలోకి మారింది. వాళ్లిచ్చిన అడ్వాన్సుతో మేస్త్రీని పిలిపించాం, మిద్దె పని జరిగింది. నేను మాత్రం ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడేవాణ్ని.

సంచి పట్టుకుని వచ్చిన పార్వతి

పార్వతికీ నమ్మకం కుదరలేదు. ఇద్దరు పోయారు, మూడో ఆమె ఎన్నాళ్లుంటుంది? ఆమె పోతే అడ్వాన్సు ఎక్కడనుంచి తిరిగివ్వాలి, అది మిద్దెలో కలిసిపోయింది కదా? షాపాయన కూడా తొందర పెడుతున్నాడు, లేకపోతే వేరే చోటు చూసుకుంటానంటున్నాడు. ఆకాశంలో మబ్బులు మొదలయ్యాయి. "ఒకసారి పోయి చూద్దాం చిన్నాయనా. ఏమన్నా అట్లా ఇట్లా ఉంటే ఈరోజే నాయన్ను తీసుకొచ్చేస్తా" అంది. నేను హిందూపురంలో రైలెక్కాను, ఆమె పెనుకొండలో ఎక్కింది. చేతిలో పెద్ద సంచి. తండ్రి బట్టలకని చెప్పకుండానే అర్థమైంది.

వీధి మలుపు తిరిగాక ఇద్దరమూ ఒకేసారి ఆగాం. మగ్గం చప్పుడు లేదు.

"పోయినారు" అంది పార్వతి.

ఇంకో నాలుగడుగులు వేశాక అరుపులు వినపడ్డాయి. ముందు రమణమ్మ గొంతు. దానిమీద చౌడప్పన్న గొంతు. ఆయన అంత గట్టిగా అరవగలడని నాకు అప్పటివరకు తెలియదు. పార్వతి సంచి గుండెకు హత్తుకుని దాదాపు పరిగెత్తింది.

లోపల ఇద్దరూ వెనక గదిలో నిలబడి ఉన్నారు. నేలమీద ముగ్గుపిండితో గీసిన గీతలు.

"ఈడ తవ్వితే పొద్దున ఎండ నేరుగా కంట్లో పడతాది. నీకేమన్నా తెలివుందా?" అంటున్నాడు ఆయన.

"ఆడ తవ్వితే నీ మంచం యాడ వేస్తావు? నెత్తిన పెట్టుకుంటావా?"

"నా మంచం నడవలో వేసుకుంటా. నా మంచం సంగతి నీకెందుకు? వెలుతురు ముఖ్యమా, మంచం ముఖ్యమా?"

"ఏం తవ్వుతాండారు?" అంది పార్వతి, ఊపిరి అందక.

ఇద్దరూ ఆమెను అప్పుడే చూశారు. "ఇంకో గుంత" అన్నాడు చౌడప్పన్న, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు. "దీని మరిది కూడా వస్తాడంట. రెండో మగ్గం. రెండో బాడిగ. ఏమప్పా ఆంజీ, నువ్వన్నా చెప్పు దీనికి, కిటికీ యాడుందో."

"ఉన్న గుంత పూడ్చాలని నేను మట్టి తోలిస్తే..." అని మొదలుపెట్టి పార్వతి గడప మీద కూర్చుండిపోయింది. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు. రమణమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"అమ్మా, నిజం చెప్పు. ఈయన్ను ఎట్ల పడతాండావు?" అని అడిగాను పక్కకు పిలిచి.

"రాట్నం ముందర కూర్చోబెట్టి దారం కండెలకు చుట్టే పని ఇచ్చినా. దానికి కూలి కూడా ఇస్తాండా. చేతులకు పనుంటే నోరు తగ్గుతాదనుకున్నా."

"తగ్గిందా?"

"యాడ తగ్గుతాదన్నా! ఆయన అరుస్తాడు. నేనూ అరుస్తా. ముందున్నోళ్లు గమ్మునున్నారంట, అందుకే పోయినారు."

నలభై ఏళ్లు ఈ పని చేశాను. ఇంటికి గాలి, వెలుతురు, నీళ్లు చూశాను. ఓనరుకూ బాడిగవాళ్లకూ పోట్లాట సరిజోడు కావాలని ఆరోజే తెలిసింది. మెత్తటివాళ్లు ఇల్లు ఖాళీ చేసిపోతారు. ఎదురు చెప్పేవాళ్లు నిలబడతారు. నా మాట విని, మొదటి రోజే ఓనరుతో గొడవ పెట్టుకున్నవాళ్లకు తాళం ఇవ్వండి.

షాపాయనకు అక్కడినుంచే ఫోను చేశాను.

"ఏమప్పా, ముసలాయన ఎప్పుడు ఖాళీ చేస్తాడు?"

"ఇంకో మగ్గం పెడతాండాడు సార్."

ఆయన పకపకా నవ్వాడు. "పోనీలే. ఆ చీరలు నాకే వేయమను. పక్కిల్లే గదా, ఆటో ఖర్చన్నా మిగులుతాది" అన్నాడు. మంచి మనిషి. కమీషన్ మాత్రం పోయింది. మా ఆవిడకు ఆ సంగతి ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

సాయంత్రం బయలుదేరాం. "పోయొస్తా నాయనా" అంది పార్వతి. ఆయన రాట్నం తిప్పుతున్నాడు. తల ఎత్తలేదు. "ఊఁ. దారం తెగతాది, లేవలేను. రైలుకు యాలైంది, పోండి" అన్నాడు.

రైల్లో కిటికీ పక్కన పార్వతి, ఎదురుగా నేను. బండి కదిలిన కాసేపటికే ఆమెకు నిద్ర పట్టింది. ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని, తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి. దారిలో వాన మొదలైంది. ముందు చినుకులు, తర్వాత గట్టిగానే పట్టింది. జల్లు లోపలికి కొడుతుంటే ఆమె లేస్తుందేమో, వాన చూసి కంగారు పడుతుందేమో అనుకున్నాను. ఆమె కళ్లు తెరవకుండానే సంచి భుజాల మీదికి లాక్కుని, ఇంకాస్త ముడుచుకుని పడుకుంది.

పెనుకొండ వచ్చినా లేవలేదు. నేనే తట్టి లేపాను.